ఇంతమంది గన్‌మెన్లు ఉన్నా నాయకుడి దాకా ఎలా వస్తారు? బందోబస్తు చేసినవాడిగా నా సమాధానం

ప్రశ్న అడిగిన తమ్ముడిది ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం. వచ్చే నెలలో అక్కడ తమ పార్టీ పెద్ద నాయకుడి సభ ఉందట, వేదిక పనులు చూసేవాళ్లలో ఈయన ఒకరు. "ఇన్ని ప్లాటూన్ల పోలీసులు, గన్‌మెన్లు, మెటల్ డిటెక్టర్లు ఉంటాయి కదా, అయినా ఎవడో ఒకడు కత్తితోనో తుపాకీతోనో నాయకుడి దాకా వచ్చేస్తున్నాడు, అసలు లోపం ఎక్కడుంటుంది?" అని అడిగారు. ఇంతవరకు వచ్చిన జవాబులు చాలావరకు ఇంటెలిజెన్స్ ఫెయిల్యూర్ అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి. ఆ మాట టీవీ చర్చకి సరిపోతుందేమో గానీ రేపు సభ పెట్టుకునేవాళ్లకి దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది పర్లాకిమిడి. ఒడిశా పోలీసులో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా దాదాపు రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లోనే గడిచింది కాబట్టి మంత్రుల సభలు, ఎన్నికల ర్యాలీలు, సంత మైదానాల్లో వేసే చిన్నచిన్న వేదికలు, అన్నిటి బందోబస్తూ దగ్గర నుంచి చూశాను. నాకు అర్థమైంది ఏమిటంటే, మనుషులు చాలక జరిగే లోపాలు తక్కువ. ఇద్దరు ముగ్గురు కలిసి కాపలా కాసే చోట వాళ్ల మధ్య ఒక జానెడు జాగా ఎవరి పేరు మీదా రాసి ఉండదు. అది వాళ్లు చూసుకుంటారని వీళ్లు, వీళ్లు చూసుకుంటారని వాళ్లు. దాడి చేసేవాడికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, వెళ్లి ఆ జానెడు జాగాలో నిలబడితే చాలు.

2022 జులై 8న జపాన్‌లోని నారాలో ఆ దేశ మాజీ ప్రధాని షింజో అబే రైల్వే స్టేషన్ ముందు రోడ్డు మధ్యలో నిలబడి మాట్లాడుతున్నారు. ముందున్న జనాన్ని అందరూ చూస్తున్నారు, వెనక రోడ్డు ఖాళీగా ఉంది. సొంతంగా తయారు చేసుకున్న తుపాకీతో ఒకడు వెనక నుంచి నడుచుకుంటూ వచ్చి మొదటిసారి కాల్చాడు, తగల్లేదు. రెండోసారి కాల్చడానికి మధ్య రెండున్నర సెకన్ల పైగా టైం ఉంది. ఆ కాసేపట్లో ఆయన్ని కిందికి లాగేసే దూరంలో ఎవరూ లేరు. తర్వాత అక్కడి జాతీయ పోలీసు సంస్థ ఇచ్చిన రిపోర్టులో, అంతకుముందు అదే చోట ఇంకో నాయకుడి ప్రసంగానికి వేసిన ప్లాన్‌నే దాదాపు అలాగే వాడేశారని తేలింది. మన థానాల్లో (పోలీస్ స్టేషన్లలో) కూడా ఇదే జరుగుతుంది. పోయినసారి బందోబస్తు ఆర్డర్ తీసి, తేదీ మార్చి, పేర్లు మార్చి పైకి పంపేస్తారు. మధ్యలో ఆ మైదానం వెనక కొత్తగా మూడంతస్తుల ఇల్లు లేచిన సంగతి ఆ కాగితానికి తెలియదు.

అమెరికాలో బట్లర్ సభ కూడా ఇంతే. 2024 జులై 13న ట్రంప్ మీద కాల్చినవాడు ఎక్కిన షెడ్డు కప్పు వేదికకి 130 మీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. మైదానం లోపల నాయకులకి రక్షణ ఇచ్చే సీక్రెట్ సర్వీస్, బయట స్థానిక పోలీసులు, ఆ కప్పు సరిగ్గా ఈ ఇద్దరి మధ్య పడింది. వాడు అనుమానంగా తిరుగుతున్నాడని స్థానిక పోలీసులు చాలాసేపటి ముందే గమనించారు, ఫొటో కూడా తీశారు. కానీ ఇద్దరి కంట్రోల్ రూములు వేర్వేరు, వైర్‌లెస్ వేర్వేరు, కబురు చేరాల్సినవాళ్లకి చేరాల్సిన టైంలో చేరలేదు. సభకి వచ్చిన ఒకాయన ప్రాణం పోయింది, ట్రంప్ చెవికి గాయమైంది, పది రోజులకి సీక్రెట్ సర్వీస్ డైరెక్టర్ రాజీనామా చేశారు. డబ్బుకీ మనుషులకీ ఏ లోటూ లేని దేశంలో జరిగింది ఇది.

ఇక మన ఒడిశా. 2023 జనవరి 29న ఝార్సుగుడా జిల్లా బ్రజరాజ్‌నగర్ గాంధీ చౌక్‌లో ఆరోగ్య మంత్రి నబ కిశోర్ దాస్ ఒక కార్యక్రమానికి వచ్చి కారు దిగుతున్నారు. కార్యకర్తలంతా చుట్టూ ఉన్నారు. అక్కడ డ్యూటీలో ఉన్న ఏఎస్‌ఐ ఒకడు దగ్గరికి వచ్చి సర్వీసు పిస్తోలుతోనే కాల్చాడు. భువనేశ్వర్ ఆసుపత్రికి విమానంలో తీసుకెళ్లినా అదే రోజు చనిపోయారు. జనాన్ని ఎంత వెతికినా యూనిఫాంలో ఉన్నవాడిని ఎవరూ వెతకరు కదా. ఆ మనిషి మానసిక సమస్యకి వైద్యం చేయించుకున్న సంగతి తర్వాత బయటపడింది. వైద్యం చేయించుకోవడం తప్పని నేను ఎంతమాత్రం అనను. పోలీసుల్లో నిద్రలేక, ఇంట్లో గొడవలతో, టెన్షన్‌తో నలిగిపోతూ, ఎవరికైనా చెబితే ఆయుధం లాగేసుకుంటారని, ప్రమోషన్ పోతుందని దాచుకునేవాళ్లు ఉంటారు, అలాంటివాళ్లని చూశాను. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మంత్రి వచ్చే రోజు ఆయన పక్క దాకా రాగలిగే చోట లోడ్ చేసిన పిస్తోలుతో ఎవరు నిలబడాలో నిర్ణయించేది ఎవరు? థానాయా, జిల్లా ఆఫీసా, డాక్టరా? డ్యూటీ లిస్టు రాసేవాడికి చేతిలో ఉన్న పేర్లు మాత్రమే తెలుసు, ఆ మనిషి సంగతి తెలిసినవాడు లిస్టు రాయడు.

2018 అక్టోబర్ 25న విశాఖ ఎయిర్‌పోర్టులో జగన్‌మోహన్ రెడ్డి గారి మీద జరిగిన దాడి గుర్తుందా? వీఐపీ లాంజ్‌లో సెల్ఫీ అంటూ దగ్గరికి వచ్చినవాడు కోడిపందేల కత్తితో భుజం మీద పొడిచాడు. వాడు గేటు దూకి రాలేదు, అక్కడి రెస్టారెంట్లోనే పనిచేసేవాడు. ప్రయాణికుడి బ్యాగులో చిన్న కత్తెర ఉన్నా తీసేసే చోట వాడి దగ్గర ఆ కత్తి ఉంది. ఆ తర్వాత చాలా రోజులు నడిచిన వాదన ఏమిటి? ఎయిర్‌పోర్టు లోపల బాధ్యత కేంద్ర బలగాలదా, రాష్ట్ర పోలీసులదా అని. ఆ వాదన అంత గట్టిగా నడిచిందంటే దాడికి ముందు రోజు కూడా ఆ సంగతి తేలి లేదనే కదా. పాస్ ఉన్నవాడిని మన మనిషి అనుకోవడం బందోబస్తులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. మీ సభలో కూడా టెంట్ హౌస్ వాళ్లు, సౌండ్ వాళ్లు, వంటవాళ్లు, జనరేటర్ ఆపరేటర్, కుర్చీలు మోసే కూలీలు ఉంటారు. వీళ్లలో ఎవరిని ఎవరు పంపారో చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఉన్నారా?

ఒక చిన్న సంగతి చెబుతాను. మా జిల్లాల్లోనే ఒక హైస్కూలు మైదానంలో సభ. పొద్దున బాంబ్ స్క్వాడ్ వచ్చింది, కుక్కతో వేదిక పైనా కిందా వెతికించింది, అంతా క్లియర్ అని రాసి వెళ్లిపోయింది. సభ సాయంత్రం. మధ్యాహ్నం భోజనాల తర్వాత పూల డెకరేషన్ వాళ్లు ఆటోలో బుట్టలు దింపారు. పోడియం చుట్టూ బంతిపూలు గుచ్చారు, వేదిక కిందికి దూరి తీగలు కట్టారు. వేదిక వెనక జనరేటర్ దగ్గర ఒకతను డీజిల్ డబ్బా పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాడు. ఎవరితను అని గేటు దగ్గర హవల్దార్‌ని అడిగితే "పార్టీవాళ్ల మనిషి సార్" అన్నాడు. పార్టీ కార్యకర్తని అడిగితే "పోలీసులు చెక్ చేసే పంపుంటారు కదా" అన్నాడు. అతను నిజంగానే డీజిల్ పోసేవాడు, ఏ చెడూ జరగలేదు, సభ బాగానే అయింది. కానీ పొద్దున కుక్క వాసన చూసిన వేదికా, సాయంత్రం నాయకుడు ఎక్కిన వేదికా ఒకటి కాదు. వెతకడం అంటే వెతికి, తాళం వేసి, కాపలా పెట్టడం. వెతికాక ఒక్క పూలబుట్ట లోపలికి వెళ్లినా మళ్లీ మొదటి నుంచి వెతకాల్సిందే. కాబట్టి డెకరేషన్, మైకు టెస్టింగ్, బ్యానర్లు అన్నీ స్క్వాడ్ రాకముందే పూర్తి చేయించండి. ఇది పోలీసుల చేతిలో కన్నా మీ చేతిలోనే ఎక్కువ ఉంది.

గన్‌మెన్ల గురించి జనం అనుకునేది ఒకటి, జరిగేది ఒకటి. టూ ప్లస్ టూ గన్‌మెన్లు అంటే నలుగురూ ఒకేసారి పక్కన ఉంటారని అనుకుంటారు, అవి షిఫ్టులు. ఆ ఉన్న ఇద్దరి చేతులు ఏం చేస్తున్నాయో ఈసారి సభలో గమనించండి. నాయకుడికి ఒకాయన శాలువా కప్పుతాడు, ఫొటో అవగానే నాయకుడు దాన్ని తీసి వెనక్కి ఇస్తాడు, గన్‌మన్ అందుకుంటాడు. అయిదో శాలువాకి ఒక చెయ్యి నిండిపోతుంది, పదో శాలువాకి రెండూ నిండిపోతాయి, పైన ఒక జ్ఞాపిక, రెండు వినతిపత్రాలు, నాయకుడి ఫోను. ఆ సమయంలో ఎవడైనా కత్తి తీస్తే ఆ గన్‌మన్ ముందు శాలువాలు కింద పడేయాలి, తర్వాత ఆలోచించాలి. 2023 అక్టోబర్ 30న సిద్దిపేట జిల్లా సూరంపల్లిలో ఎన్నికల ప్రచారంలో ఉన్న మెదక్ ఎంపీ కొత్త ప్రభాకర్ రెడ్డి గారిని పొడిచినవాడు కరచాలనం చేస్తానంటూనే దగ్గరికి వచ్చాడు. గన్‌మన్ అడ్డుపడి పట్టుకున్నాడు కాబట్టి ప్రాణం దక్కింది, అయినా పేగుకి గాయమై ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. శాలువాలు అందుకోవడానికి, ఫోన్ పట్టుకోవడానికి మీరే ఒక కుర్రాడిని పెట్టండి. గన్‌మన్ చేతులు ఖాళీగా ఉండాలి, కళ్లు ఎదుటివాళ్ల చేతుల మీద ఉండాలి. అతన్ని సెల్ఫీలు తీయమని అడగకండి, దయచేసి.

సరిహద్దు జిల్లాల సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఆ జానెడు జాగా మైళ్ల కొద్దీ ఉంటుంది. గుణుపురం సభకి కొత్తూరు, భామిని వైపు నుంచి కూడా జనం వస్తారు, ఆంధ్ర నుంచి పార్టీ స్నేహితులు తమ గన్‌మెన్లతోనే దిగిపోతారు. వాళ్లు వస్తున్నట్టు ఇక్కడి ఐఐసీకి (థానా ఇన్‌చార్జ్ ఇన్‌స్పెక్టర్‌కి) కాగితం రాకపోతే, మఫ్టీలో తుపాకీ పెట్టుకున్న మనిషి ఎవరో ఇక్కడివాళ్లకి తెలియదు. గలాటా జరిగితే ఎవరు ఎవరి మీద తుపాకీ ఎత్తుతారో చెప్పలేం. రెండు రాష్ట్రాల వైర్‌లెస్ సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడవు, కొండ మలుపు తిరిగితే ఫోన్ సిగ్నల్ ఉండదు. రెండు రాష్ట్రాలూ మావే అంటున్న కొటియా గ్రామాల్లో అయితే పరిస్థితి ఇంకా చిక్కు. పొట్టంగి వైపు నుంచి ఒడిశా అధికారులు, సాలూరు వైపు నుంచి ఆంధ్ర అధికారులు ఒకే కొండ మీదికి వస్తారు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర ప్రభుత్వం అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా పెట్టింది. అలాంటి ఊళ్లో ఒక మంత్రి సభ పెడితే రోడ్డు ఎవరు చూడాలి, జనాన్ని ఎవరు ఆపాలి? హద్దు తగాదా కోర్టులో ఉండొచ్చు, ఆ రోజుకి మాత్రం ఇద్దరు అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, ఇంకో దారి లేదు.

భాష సంగతి కూడా అంతే ముఖ్యం. పెద్ద సభ అంటే కటక్ నుంచో భువనేశ్వర్ నుంచో ప్లాటూన్లు దింపుతారు. మంచి పిల్లలే, కానీ తెలుగు రాదు, ఇక్కడి గిరిజన భాషలు సవర రాదు, కువి అసలే రాదు. సోడాబండి ముసలాయన "బాబూ, ఆ నీలం చొక్కావాడు పొద్దుట్నుంచీ ఇక్కడిక్కడే తిరుగుతున్నాడు, ఈ ఊరోడు కాదు" అంటే, ఆ మాట ఎంత విలువైనదో కానిస్టేబుల్‌కి తెలియదు, పక్కకి జరగమని చెయ్యి ఊపుతాడు. అందుకే ప్రతి గేటు దగ్గరా స్థానిక భాషలు వచ్చిన ఒక హోంగార్డు గానీ గ్రామరక్షి (ఊళ్లో పోలీసులకి సాయంగా ఉండే మనిషి) గానీ ఉండాలని నేను ఎప్పుడూ పట్టుబట్టేవాడిని. ముఖ్యంగా ఆడవాళ్ల గేటు దగ్గర. మెటల్ డిటెక్టర్ లోహాన్నే పట్టుకుంటుంది, కొత్త మనిషిని పట్టుకునేది ఊరి మనిషే.

వేదిక గురించే ఇంత మాట్లాడుతున్నాం గానీ, మన ప్రాంతంలో దారే ఎక్కువ మందిని బలి తీసుకుంది. 2011 సెప్టెంబర్ 24న నవరంగపురం జిల్లా రాయ్‌ఘర్ బ్లాక్ గోనా గ్రామంలో ఉమర్‌కోట్ ఎమ్మెల్యే జగబంధు మాఝీని కార్యక్రమం జరుగుతుండగానే మావోయిస్టులు కాల్చి చంపారు. ఆయన వీల్‌చైర్‌లో ఉండే మనిషి, లేచి పరుగెత్తే వీలు కూడా లేదు, వెంట ఉన్న పీఎస్‌వో (రక్షణ పోలీసు) కూడా చనిపోయాడు. ఆర్నెల్లు తిరిగేసరికి, 2012 మార్చి 24న, లక్ష్మీపూర్ ఎమ్మెల్యే ఝిన హికాకాను ఇంటికి తిరిగి వెళ్తుంటే దారిలో ఆపి ఎత్తుకెళ్లారు, నెల దాటాక గానీ వదల్లేదు. 2013 మే 25న మల్కాన్‌గిరికి పక్కనే, ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా నుంచి జగదల్‌పూర్ వెళ్తున్న కాంగ్రెస్ కాన్వాయ్ మీద దర్భా లోయలో దాడి జరిగింది, మహేంద్ర కర్మ, నంద కుమార్ పటేల్ లాంటి నాయకులు పోయారు. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమలను గ్రామదర్శిని అనే ప్రభుత్వ కార్యక్రమానికి వెళ్తుంటే ఆపారు. గన్‌మెన్ల దగ్గర ఆయుధాలు తీసేసుకుని, వాళ్లని పక్కకి పంపి, ఇద్దర్నీ చంపారు. పదుల సంఖ్యలో వచ్చినవాళ్ల ముందు ఇద్దరు ముగ్గురు గన్‌మెన్లు ఏం చేయగలరు? అక్కడ కాపాడగలిగేది గన్‌మన్ కాదు. ముందు రోజే దారంతా నడిచి, కల్వర్టులు చూసి, కొండ మీద కాపు కాసే రోడ్ ఓపెనింగ్ పార్టీ మాత్రమే. ఆ పార్టీ రావాలంటే ప్రయాణం సంగతి పోలీసులకి ముందే తెలియాలి. ఇప్పుడు మావోయిస్టులు బాగా తగ్గిపోయారు, నిజమే, సంతోషం. కానీ చెప్పకుండా బయల్దేరడం, దారి మధ్యలో ఎవరింటికో టీకి ఆగడం, వెళ్లిన దారినే చీకట్లో తిరిగి రావడం, ఈ అలవాట్లు అలాగే ఉన్నాయి.

నాయకుడి మొహమాటం దగ్గరికి వద్దాం, ఇది చాలామంది పైకి అనరు. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖ నుంచి మద్రాస్ చేరి, అక్కడి నుంచి శ్రీపెరంబుదూర్ వెళ్లారు. ప్రధాని పదవి పోయాక ఎస్పీజీ (ప్రధానికి ఇచ్చే ప్రత్యేక దళం) రక్షణ పోయింది, 1988 చట్టంలో మాజీ ప్రధానులకి చోటు లేదు, ఆయన పోయాకే ఆ చట్టం మార్చారు. ఆ రాత్రి ఒక మహిళా పోలీసు జనాన్ని ఆపబోతే, అందర్నీ రానివ్వమని ఆయనే అన్నారు. జనాన్ని దూరంగా ఉంచితే ఓట్లు పోతాయన్న భయం ప్రతి నాయకుడికీ ఉంటుంది, దాన్ని నేను తప్పుపట్టను, జనం దగ్గరికి వెళ్లని నాయకుడు నాయకుడే కాదు. కానీ బారికేడ్ తీయమని నాయకుడు అంటే, ఆ క్షణంలో ఆయనకి కుదరదు అని చెప్పే అధికారం ఎవరికి ఉందో ముందే తేలి ఉండాలి. కానిస్టేబుల్ చెప్పలేడు, ఎస్సై చెబితే వినరు. మీ పార్టీలో ఆయన మాట వినే పెద్దమనిషి ఒకరు ఉంటారు కదా, ఆయన్ని వేదిక మెట్ల దగ్గర నిలబెట్టండి.

ఇదే కారణంతో వేదిక ముందు ఖాళీ జాగా తగ్గించకండి. 1967 ఫిబ్రవరిలో భువనేశ్వర్ సభలో ఇందిరా గాంధీ ముక్కు మీద రాయి తగిలి ఎముక విరిగింది. 2024 ఏప్రిల్‌లో విజయవాడ బస్సు యాత్రలో జగన్ గారి నుదుటి మీద కూడా రాయే తగిలింది, బస్సు ఎత్తుకి తీగలు తగలకుండా ఆ దారిలో కరెంటు తీసేసి ఉంది. తీగల ప్రమాదం తప్పించడం సరైన పనే, మరి ఆ చీకట్లో వెలుతురు ఎవరు ఇవ్వాలి? మళ్లీ అదే జానెడు జాగా. ఇరుకు సందుల్లో రోడ్డు షో గురించి అయితే ఒక్క మాట చాలు, వద్దు. 2022 డిసెంబర్ 28న కందుకూరులో 8 మంది, 2025 సెప్టెంబర్ 27న కరూర్‌లో 41 మంది తొక్కిసలాటల్లో పోయారు. వాళ్లంతా నాయకుడిని చూడటానికి వచ్చినవాళ్లే, భద్రత వాళ్లకి కూడా కావాలి.

ఇప్పుడు తమ్ముడు చేయాల్సింది. మైదానం స్కెచ్ చేత్తోనే వేయండి, అందంగా ఉండక్కర్లేదు. వేదిక, వెనక మెట్లు, జనరేటర్, వంటశాల, చుట్టుపక్కల మేడలు, నీళ్ల ట్యాంకు, కారు ఆగే చోటు, జనం బయటికి పోయే దారులు, అన్నీ గుర్తు పెట్టండి. ప్రతి గుర్తు పక్కనా ఒక మనిషి పేరు రాయండి. పోలీసులు అనో వాలంటీర్లు అనో రాయకండి, పేరే రాయండి. పేరు దొరకని చోటు ఏదైతే ఉందో అదే మీ లోపం. వెనక మెట్ల దగ్గర లిస్టు పట్టుకున్న ఒక్కరే ఉండాలి, లిస్టులో లేనివాడు జిల్లా అధ్యక్షుడి బావమరిది అయినా ఎక్కకూడదు. వేదిక ఎంతమందిని మోస్తుందో ఇంజినీరుతో రాయించుకోండి. నాయకుడి కారు ముఖం బయటి వైపు తిప్పి, డ్రైవర్ సీట్లోనే ఉండేలా చూడండి. పొద్దున ఆరింటి నుంచి నిలబడే పోలీసులకి నీళ్లు, భోజనం టైంకి పంపండి, నాయకుడు నాలుగు గంటలు లేటుగా వస్తే అప్పటికి ఆకలితో ఉన్నవాడి కళ్లు పనిచేయవు. ఆంధ్ర నుంచి వచ్చే అతిథుల పేర్లు, వాళ్ల గన్‌మెన్ల వివరాలు కనీసం వారం ముందే రాతపూర్వకంగా ఇవ్వండి.

స్కెచ్ మాత్రం ఇక్కడ పెట్టకండి, వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు. రెండు కాపీలు తీసి ఒకటి స్వయంగా థానాలో ఐఐసీ గారి చేతికి ఇవ్వండి, ఇచ్చినట్టు రెండో దాని మీద సంతకం, తేదీ, టైం తీసుకోండి. వీలైతే అప్పుడే ఆయన్ని మైదానానికి రమ్మని అడిగి, ఇద్దరూ కలిసి వేదిక వెనక నుంచి ఒక చుట్టు నడిచి రండి.